కారు అరిస్తే ఎవరు రావాలి?

2023 జూలైలో ఒక శనివారం మా చిన్నాయన ఫోన్ చేసి, కారు వారం రోజులు ఊర్లో వదిలిపెట్టి పొమ్మన్నాడు. ఆయనకి డ్రైవింగ్ రాదు. ఇంట్లో ఇంకెవరికీ రాదు. ఎవరు నడుపుతారు చిన్నాయనా అంటే, "నడిపేదానికి కాదురా అబ్బీ, కావిలికి" అన్నాడు.

మాది చిత్తూరు జిల్లా రామసముద్రం. జిల్లా పేరు ఈమధ్య మారింది గానీ నోటికి పాతదే వస్తుంది. మదనపల్లె, పుంగనూరు ఒక వైపు, కర్ణాటక సరిహద్దు ఇంకో వైపు. ఊరి పేరులో సముద్రం అంటే చెరువే. ఒక చెరువు తవ్వుకుని దానికి సముద్రం అని పేరు పెట్టుకున్నారంటే నీళ్ళ కోసం ఎంత మొహం వాచిన ప్రాంతమో అర్థం చేసుకోవచ్చు. ఇప్పుడు ఆ చెరువు కన్నా బోర్లే ఎక్కువ తడుపుతున్నాయి. బోర్ల కింద టమోటా. ఆ టమోటా మదనపల్లె మార్కెట్‌కి పోతుంది, అక్కణ్ణించి దేశమంతా పోతుంది.

ఆ జూలై ఎలాంటిదో గుర్తుండే ఉంటుంది. కొన్ని నెలల ముందు కూలి ఖర్చు కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన సరుకు, కిలో వంద దాటి పోయింది. చిత్రదుర్గ జిల్లా హిరియూరు నుంచి కోలారు మార్కెట్‌కి వస్తున్న టమోటా బండిని, రెండు టన్నుల పైచిలుకు సరుకుతో సహా, బెంగళూరులో ఎత్తుకుపోయారు. పోలీసులు ఆ కేసులో వేలూరు వైపు దంపతుల్ని పట్టుకున్నారు. వాట్సాప్‌లో అందరం దాని మీద జోకులు వేసుకున్నాం. అదే నెలలో మదనపల్లె చుట్టుపక్కల ఇద్దరు టమోటా రైతులు హత్యకి గురయ్యారు. ఒకాయన తోట దగ్గర రాత్రి కాపలా పడుకుని ఉండగా. ఆ తర్వాత మా ఊర్లో జోకులు ఆగిపోయాయి. మంచె మీద ఒంటరిగా పడుకోవడానికి చిన్నాయనకి భయం వేసింది. ఆ మాట చెప్పలేక కారు అడిగాడు.

నా కారు పాత హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్. అలారం కంపెనీది కాదు, బెంగళూరు జేసీ రోడ్డులో పెట్టించింది. రిమోట్‌కి నాలుగు బటన్లు. మూసేది, తెరిచేది, చప్పుడు లేకుండా మూసేది, నాలుగోది ఊరికే సైరన్ మోగించేది. చిన్నాయన ఆ నాలుగో బటన్ కోసమే పిలిచాడనుకున్నా. ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. తోట చుట్టూ ఊతకర్రల వెంట మోకాలి ఎత్తున నైలాన్ తాడు లాగి, దాని కొసని కారు బంపరుకి బిగించాడు. "తాడు తగిలితే బండి కదులుతాది, కదిలితే అరుస్తాది." నేను ఇంజనీరింగ్ చదివాను, ఆయన ఏడో తరగతి. సెన్సిటివిటీ స్క్రూ ఎక్కడుందో చూపించడం తప్ప నేను చేసిందేమీ లేదు.

మొదటి రాత్రి పదకొండున్నరకి అరిచింది. పదిమంది టార్చిలైట్లతో పరిగెత్తుకొచ్చారు. కుక్క. రెండో రాత్రి రెండుసార్లు, గాలికి. నలుగురొచ్చారు. మూడో రాత్రి ఎవరూ రాలేదు, పైగా పొద్దున్నే "ఆ కారు గొంతు నొక్కు సామీ, పిల్లోళ్ళు నిద్ర పోవద్దా" అని పంచాయితీ. నాలుగో రాత్రి రెండింటప్పుడు ఒకేసారి మోగింది. చిన్నాయన మంచె మీంచి లేవకుండానే రిమోట్ నొక్కి ఆపేశాడు. తెల్లారి చూస్తే టమోటా ఒక్క కాయ పోలేదు. గట్టు అవతల తోటాయన బోరు మోటరు కేబుల్ మాత్రం లేదు. రాగి కోసం కోసుకుపోయారు. వచ్చిన దోవ మా తాడు మీదుగానే.

ఆ గట్టాయన అడిగిన మాట ఒకటే. "మోగింది కదన్నా. నువ్వు లేయలేదా?"

చిన్నాయన కూడా ఒకటే అన్నాడు. "నీకూ ఇనపడింది కదా."

ఇద్దరూ విన్నారు. ఇద్దరూ లేవలేదు. ఆ తర్వాత చాన్నాళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. బోరు ఎండి ఆయన కాపు కొంత పోయింది. రేటు అంత ఉన్నప్పుడు పోవడం. మా జేజి అరుగు మీద కూచుని ఎవరినీ చూడకుండా అంది: "తలారోడు ఉండుంటే వాణ్ణి అడిగేవాళ్ళం. ఇప్పుడెవుర్ని అడగల్ల?"

నేను బెంగళూరు వచ్చేశాక కూడా ఆ మాట వదల్లేదు. ఈ వ్యాసం దాని వల్లే.

*

మనం అలారం అనే పరికరాన్ని సాంకేతికంగా చూస్తాం. డోర్ స్విచ్, బానెట్ స్విచ్, అదురు పసిగట్టే సెన్సరు, చిన్న కంట్రోలరు, సైరను, ఇండికేటర్లు. సర్క్యూట్ మొత్తం ఇంతే, కాలేజీ మినీ ప్రాజెక్ట్‌లో చేసేయొచ్చు. కానీ ఆ సర్క్యూట్‌లో ఒక భాగం డయాగ్రమ్‌లో గీయరు. అది వినేవాడు. సైరన్ విని ఎవరో ఒకరు లేచి బయటికొస్తేనే సర్క్యూట్ పూర్తవుతుంది. లేకపోతే అది ఉట్టి చప్పుడు.

దీని మీద అమెరికా వాళ్ళు కాస్త లెక్కలు తీశారు. 1997లో ప్రోగ్రెసివ్ అనే ఇన్సూరెన్సు కంపెనీ సర్వే చేస్తే, కారు అలారం వినపడగానే పోలీసులకి ఫోన్ చేస్తామన్నవాళ్ళు నూటికి ఒకరు కూడా లేరు. 2003లో న్యూయార్కులో ట్రాన్స్‌పోర్టేషన్ ఆల్టర్నేటివ్స్ అనే సంస్థ, నగరంలో కారు అలారాలని నిషేధించాలంటూ ఏకంగా ఒక నివేదిక అచ్చేసింది. దాని పేరుని తెలుగులో చెప్పాలంటే 'గుండెలదిరేంత పనికిమాలినవి' అనొచ్చు. మన దగ్గర అంత గొడవ జరగలేదు, జరగదు కూడా. మన వీధిలో అలారం ఒక్కటే మోగదు కదా. రివర్స్ గేరు వేస్తే భక్తి పాట వాయించే కార్లున్న దేశం మనది. మోటారు వాహనాల నిబంధనల్లో 119వది ఒక్క స్వరం మించి రాగాలు తీసే హారన్లు కూడదంటుంది. ఆ నిబంధనని మన రోడ్ల మీద ఎవరైనా చదివారా అన్నది మీకే వదిలేస్తున్నా.

తొంభైల్లో కార్లు పెరుగుతున్నప్పుడు ఈ అలారాలు మన మధ్యతరగతికి ఒక హోదా. నాసిక్ కంపెనీ ఆటోకాప్ పేరే అలారానికి మారుపేరుగా వాడేవాళ్ళు, జిరాక్స్ లాగా. పేరులోనే ఉంది చూడండి: కాప్. పోలీసు. పరికరానికి మనిషి ఉద్యోగం పేరు పెట్టారు. జీతం మాత్రం ఒకేసారి, కొన్నప్పుడు. ఆ ఉద్యోగంలో ఉన్న అసలు పూచీ దానికి రాలేదు.

*

పూచీ అనే మాట కావాలనే వాడాను. ఎందుకంటే పాత కావలి వ్యవస్థకి వెన్నెముక అదే.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో, దారిలో వర్తకుడి సొమ్ము పోతే ఎవరు కట్టాలో వరసగా చెప్పి ఉంటుంది. ఊళ్ళో పోతే గ్రామ పెద్ద. రెండు ఊళ్ళ మధ్య పోతే పచ్చిక బయళ్ళ మీద అధికారి, వివీతాధ్యక్షుడు. పచ్చిక బయలు కూడా కాని చోటైతే చోరరజ్జుకుడు అనే ఉద్యోగి. ధర్మశాస్త్రాలైతే దొంగ దొరక్కపోతే రాజే ఖజానా నుంచి ఇవ్వాలంటాయి. పుస్తకాల్లో రాసినదంతా జరిగిందని నేననను. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి డాక్యుమెంటేషన్ మీద ఎంత నమ్మకం ఉంటుందో నాకూ అంతే. కానీ లెక్క వేసుకున్న పద్ధతి చూడండి. దేశం మ్యాపు మీద ఏ అంగుళమూ ఎవరి పూచీ లేకుండా వదల్లేదు.

విజయనగరం వచ్చిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ 1530ల్లో రాసినదాంట్లో కూడా ఇదే కనపడుతుంది. రాజధానిలో జరిగే దొంగతనాలకి నగర రక్షకాధికారి జవాబు చెప్పుకోవాలి, అందుకే దొంగతనాలు తక్కువ అంటాడు. పోగొట్టుకున్నవాడు చిన్న కానుక ఇచ్చి దొంగ ఆనవాళ్ళు చెప్తే, వాడు ఊళ్ళో ఉన్నాడో లేడో మంత్రగాళ్ళ ద్వారా తేల్చి చెప్తారట. మన ఫోన్లో యాప్ తెరిచి బండి ఎక్కడుందో చూసుకోవడానికి ఆ మంత్రగాళ్ళకీ ఎంత తేడా ఉందని నేను చాలాసార్లు అనుకున్నాను. ఎలా పనిచేస్తుందో వాడేవాడికి తెలియదు, రెండిట్లోనూ.

మా వైపు ఈ వ్యవస్థ పాలెగాళ్ళ చేతుల్లోకి వచ్చింది. దానికి దేశకావలి, పడికావలి ఇలా రకరకాల పేర్లు. సారం ఒకటే. కావలివాడికి ఊరు ఏటా కొంత రుసుము ఇస్తుంది, ధాన్యమో డబ్బో. బదులుగా ఏదైనా పోతే వాడు పట్టివ్వాలి. పట్టివ్వలేకపోతే విలువ కట్టివ్వాలి. ఈనాటి భాషలో ఇది సెక్యూరిటీ సర్వీసు, ఇన్సూరెన్సు రెండూ ఒకే మనిషిలో. ఇవాళ మనం ఈ రెంటినీ విడదీసుకున్నాం. అలారం కంపెనీ వేరు, పాలసీ కంపెనీ వేరు, వాచ్‌మన్ వేరు. ఎవరి షరతులు వాళ్ళవి, అందరి షరతుల్లోనూ మేం బాధ్యులం కాము అనే వాక్యం మాత్రం ఉమ్మడి.

అయితే ఇదంతా స్వర్ణయుగం అని అనుకోకండి. నేనూ ఒక నెల రోజులు అలాగే అనుకుని, తర్వాత చదువుతుంటే సిగ్గుపడ్డాను. రుసుము కట్టని ఊళ్ళోనే దొంగతనాలు ఎక్కువ జరిగేవి. ఎందుకో మీరు ఊహించగలరు. కావలివాడికి దొంగ తెలిసుండటమే వాడి అర్హత, ఆ తెలియడమే వాడి వ్యాపారం. 1812లో బ్రిటిష్ పార్లమెంటుకి చేరిన ఐదో నివేదికలో ఈ కావలి గురించి ఫిర్యాదులు ఉన్నాయి. 1800లో నిజాము కడప, బళ్ళారి వైపు జిల్లాల్ని కంపెనీకి ధారపోశాక, కలెక్టరుగా వచ్చిన మన్రో ఎనభై మంది దాకా పాలెగాళ్ళని లెక్కపెట్టి, ఒక్కొక్కరినీ దించేశాడు. మదనపల్లె అప్పుడు ఆ కడప వైపే. పుంగనూరు వేరే దారిలో కంపెనీకి వచ్చింది. చిత్తూరు పాలెగాళ్ళు 1804లో తిరగబడి ఓడిపోయారు.

కత్తి ఉన్నవాణ్ణి తీసేశారు సరే, కాపలా ఎవరు? కంపెనీ ముందు దరోగాల్ని పెట్టి చూసింది. అది పనిచేయక 1816లో, పదకొండో నంబరు రెగ్యులేషన్‌తో, ఊరి పోలీసు పనిని మళ్ళీ గ్రామ మునసబుకే ఇచ్చి, తలారిని ఆయన కింద పెట్టింది. 1859లో పోలీసు చట్టం వచ్చి యూనిఫాం పోలీసు వచ్చాక కూడా ఊర్లో తలారి తలారిగానే ఉన్నాడు. మారిందల్లా ఒక్కటే. తలారి ఇక కబురు చెప్పేవాడు. పోయిన సొమ్ముకి పూచీ ఉన్నవాడు కాదు. నా ఉద్దేశంలో మన ఊళ్ళలో కావలిమనిషి అలారంగా మారింది ఆ రోజుల్లోనే. నూటయాభై ఏళ్ళ తర్వాత కారులో ఇనప డబ్బాగా వచ్చింది ఆ పనే.

ఇక్కడ ఇంకో చేదు సంగతి చెప్పకుండా దాటిపోతే తప్పు. ఆ కబురు మోసే పని ఏ కులాలది? తలారి, వెట్టి, నీరుగంటి పనుల్లో చాలా భాగం దళితుల నెత్తిన పడింది. పంటకాలంలో కళ్ళం దగ్గర ఇచ్చే మేరలే జీతం. యానాదుల్ని కాపలాకి పెట్టుకునే ఊళ్ళు కోస్తాలో ఎన్నో ఉండేవి. అదే యానాదుల మీద, ఎరుకల మీద, నేరస్థ జాతులని ముద్ర వేశారు. ఆ చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై, 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం సెటిల్మెంటు ఆ చట్టం పుణ్యమే. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకి, 1952లో గానీ ఆ ముద్రని కాయితం మీద తుడవలేదు. రాత్రంతా మేలుకుని ఊరి సొమ్ము కాసినవాడే, సొమ్ము పోయిన రోజు మొదటి అనుమానితుడు. మా జేజి 'తలారోడు ఉండుంటే అడిగేవాళ్ళం' అన్నప్పుడు ఆ 'అడగడం' ఎలా ఉండేదో నాకు తెలుసు. కట్టేసి అడిగేవాళ్ళు. ఆ మాట నేను ఆమెతో అనలేదు. అనాల్సింది.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం పదవుల్ని ఒక్క దెబ్బతో రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోయింది. మంచిదే. కింద ఉన్న తలారి ప్రభుత్వ లెక్కల్లో గ్రామ సేవకుడయ్యాడు, తర్వాత వేరే పేర్లు మారాడు, రెవెన్యూ ఆఫీసులో ఫైళ్ళు మోసే పనికి వెళ్ళాడు. రాత్రి ఊరు తిరగడం మెల్లగా ఆగిపోయింది. దాని స్థానంలో ఏమీ రాలేదు. ఇంటింటికీ తాళాలు వచ్చాయి, గేట్లు వచ్చాయి, సీసీ కెమెరాలు వచ్చాయి. ఎవరి సొమ్ము వాళ్ళదే.

*

రిమోట్ కథ దీనికి పూర్తిగా వేరే దిక్కు నుంచి వస్తుంది. 1982లో రెనో కంపెనీ ఫ్యూగో అనే కారుకి తాళంచెవి పెట్టకుండా దూరం నుంచే తలుపులు తెరిచే బటన్ ఇచ్చింది. టీవీ రిమోట్ లాగే ఇన్ఫ్రారెడ్. దాన్ని తయారుచేసినాయన పేరు పాల్ లిప్‌షుట్జ్. ఆ పేరు మీదుగానే ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ కారు రిమోట్‌ని 'ప్లిప్' అంటారని చెప్తారు. తర్వాత రేడియోకి మారారు. జేసీ రోడ్డులో నాకు పెట్టించినదాంతో సహా, మన దగ్గరి రిమోట్లలో ఎక్కువ భాగం 433 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడతాయి.

తొలినాటి రిమోట్లు ప్రతిసారీ ఒకే సంకేతం పంపేవి. పక్కన నిలబడి రికార్డు చేసుకుంటే చాలు, తాళంచెవి మీ దగ్గర ఉన్నట్టే. దీనికి విరుగుడుగా వచ్చిందే మారే కోడ్. దక్షిణాఫ్రికాలో 1980ల్లో పుట్టిన కీలాక్ అనే పద్ధతిని 1995లో మైక్రోచిప్ కంపెనీ కొనేసి చిన్న చిప్పుల్లో పెట్టి ప్రపంచమంతా అమ్మింది. బటన్ నొక్కినప్పుడల్లా రిమోట్ లోపల ఒక లెక్క ఒకటి పెరుగుతుంది. ఆ లెక్కని గుప్తంగా మార్చి పంపుతుంది. కారు దగ్గర కూడా అదే లెక్క ఉంటుంది. పాత సంకేతం మళ్ళీ వినిపిస్తే కారు పట్టించుకోదు. మా అక్క కొడుకు బెంగళూరులో కూచుని రిమోట్‌ని బొమ్మలా పదిసార్లు నొక్కినా, ఆ తర్వాత కారు దగ్గరికెళ్ళి నొక్కితే తెరుచుకుంటుంది. కారణం, కారు తన లెక్క కన్నా పదహారు దాకా ముందున్నదాన్ని నమ్ముతుంది. అంతకు మించి వేల దాకా ముందుకు పోయినా వరసగా రెండుసార్లు నొక్కితే మళ్ళీ కలుపుకుంటుంది. నాకు ఈ డిజైను చాలా ఇష్టం. పిల్లలుంటారని ఎవరో ఇంజనీరు ఆలోచించాడు.

కానీ ఆ మొత్తం భవనం ఒక రహస్యం మీద నిలబడి ఉంది. తయారీదారు తన రిమోట్లన్నిటికీ కలిపి ఒక మూల తాళంచెవి పెట్టుకుంటాడు. 2008లో జర్మనీలోని బోకుమ్ విశ్వవిద్యాలయం వాళ్ళు, చిప్ పనిచేస్తున్నప్పుడు ఎంత కరెంటు తాగుతోందో కొలిచి, ఆ మూల తాళంచెవిని బయటికి లాగారు. అది దొరికాక ఆ తయారీదారు రిమోట్ దేన్నైనా, గాల్లో రెండు సంకేతాలు వింటే చాలు, నకలు చేయొచ్చని చూపించారు. ఊరందరి తాళాలకీ ఒకే చెవి, అది కరణం ఇంట్లో ఉందనుకోండి. కరణం నిద్రపోతే?

2015లో శామీ కామ్‌కార్ అనే ఆయన చిన్న డబ్బా ఒకటి చేసి చూపించాడు. మీరు నొక్కిన సంకేతాన్ని కారుకి చేరకుండా అడ్డుకుని తను దాచుకుంటుంది. మీరు మళ్ళీ నొక్కితే పాతది కారుకిచ్చి, కొత్తది దాచుకుంటుంది. మీరు తలుపు పడిందని వెళ్ళిపోతారు. జేబులోంచి తీయకుండానే తెరుచుకునే కొత్త తాళాలదైతే ఇంకా సులువైన కథ. జూరిక్‌లో ముగ్గురు పరిశోధకులు 2011లో ఎనిమిది కంపెనీల పది మోడళ్ళు తీసుకుని, ఒక యాంటెన్నా కారు దగ్గర, ఇంకోటి తాళంచెవి ఉన్న మనిషి దగ్గర పెట్టి మధ్యలో సంకేతాన్ని మోస్తే, పదీ తెరుచుకున్నాయి. గూఢలిపి ఏదీ విరగ్గొట్టలేదు. మధ్యవర్తిగా కబురు మోశారు, అంతే. మన తగాదాల్లో మధ్యవర్తి ఎంత ప్రమాదకరమో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ వరసలో నాకు అన్నిటికన్నా నచ్చింది, అంటే వృత్తిరీత్యా నవ్వొచ్చి తర్వాత చెమట పట్టింది, 2019 మార్చిది. పాండోరా, వైపర్ అనే రెండు పెద్ద అలారం కంపెనీల ఫోన్ యాప్‌లని బ్రిటన్‌లో పెన్ టెస్ట్ పార్ట్‌నర్స్ అనే సంస్థ పరీక్షించింది. పాండోరా అప్పటికి తమ అలారాన్ని హ్యాక్ చేయడం అసాధ్యమని ప్రకటించుకుంటోంది. వాళ్ళు చేసిందల్లా, సర్వర్‌కి పంపే సందేశంలో ఇంకొకరి ఖాతా నంబరు పెట్టి, ఈమెయిల్ మార్చమని అడగడం. సర్వర్ మార్చేసింది. నువ్వెవరివి అని అడగలేదు. దాంతో ఆ ఖాతాలో ఉన్న కారు ఎక్కడుందో చూడొచ్చు, తలుపులు తెరవొచ్చు, కొన్ని మోడళ్ళలో నడుస్తున్న ఇంజన్ ఆపొచ్చు. రెండు కంపెనీలూ కలిపి ముప్పై లక్షల కార్లు. ఇది ఏ గొప్ప గణితమూ కాదు. ఇలాంటి తప్పుని నేను నా టీములో కోడ్ రివ్యూలో పట్టుకున్నాను. పట్టుకోనివి ఎన్ని వెళ్ళిపోయాయో దేవుడికే తెలియాలి. కారుకి అలారం పెట్టించుకోవడం వల్లే కారు దొంగకి చిక్కింది. కావలివాడే తలుపు తీసిచ్చాడు, ఐదో నివేదికలో ఉన్న ఫిర్యాదే.

*

మా ఊరికి వాయవ్యంగా, నాలుగైదు గంటల బస్సు ప్రయాణంలో పెనుకొండ ఉంది. తళ్ళికోట తర్వాత విజయనగర రాజులు రాజధానిగా మార్చుకున్న ఊరు. నూనిజ్ రాసిన ఆ రక్షకాధికారి పద్ధతులు ఏవైనా మిగిలి ఉంటే ఆ కొండ కిందకే వచ్చి ఉండాలి. 2019 నుంచి అక్కడ కియా కార్లు తయారవుతున్నాయి. మొదటి మోడల్ సెల్టోస్, ఫోన్లోంచి ఇంజన్ స్టార్ట్ చేయడం, కారు పోతే ఎక్కడుందో కనిపెట్టడం లాంటి సదుపాయాలతో వచ్చింది. ఆ ఏడాదే హ్యుందాయ్ వెన్యూ, ఎంజీ హెక్టర్ కూడా ఇంటర్నెట్ కార్లమంటూ వచ్చాయి. మన దేశంలో కారుకి సిమ్ కార్డు వచ్చిన ఏడాది అది.

అదే కియా, హ్యుందాయ్ కంపెనీలు అమెరికాలో అమ్మిన లక్షల కార్లలో ఇమ్మొబిలైజర్ పెట్టలేదు. ఇది అలారం లాంటిది కాదు. అరవదు. తాళంచెవిలో ఉన్న చిన్న చిప్పుని ఇంజన్ కంప్యూటర్ గుర్తుపట్టకపోతే ఇంజన్ కదలదు, అంతే. అది లేకపోవడం వల్ల స్టీరింగ్ కింద కవరు పీకి, యూఎస్‌బీ తీగ కొసతో తిప్పి కారు తీసుకుపోవచ్చని 2021 ప్రాంతంలో పిల్లలు కనిపెట్టి వీడియోలు పెట్టారు. 2023 ఫిబ్రవరిలో రెండు కంపెనీలూ కలిపి 83 లక్షల కార్లకి ఉచితంగా సాఫ్ట్‌వేర్ సరిచేస్తామన్నాయి. అందులో ఒక మార్పు ఏమిటో తెలుసా? అలారం మోగే సమయం ముప్పై సెకన్ల నుంచి ఒక నిమిషానికి పెంచడం. దాంతోపాటు తాళంచెవి లేకుండా స్టార్ట్ కాకుండా చేసే మార్పు కూడా ఉంది, న్యాయంగా చెప్పాలి. అయినా ఆ ముప్పై సెకన్ల పెంపు దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. ముప్పై సెకన్లలో రానివాడు అరవై సెకన్లలో వస్తాడని ఎవరో మీటింగులో అన్నారు, ఎవరో తలూపారు.

ఇమ్మొబిలైజర్ పనిచేస్తుందని మాత్రం లెక్కలున్నాయి. ఐరోపాలో 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. నెదర్లాండ్స్ అంకెలు పట్టుకుని వాన్ ఔర్స్, వొల్లార్డ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనంలో కారు దొంగతనాలు నూటికి నలభై దాకా తగ్గాయని తేలింది. ఎవరూ లేవనక్కర్లేదు, ఎవరూ పరిగెత్తనక్కర్లేదు. నాకు ఇందులో సంతోషంతో పాటు కొంచెం దిగులు కూడా ఉంది. పొరుగువాడిని నమ్ముకోనవసరం లేకుండా చేసిన పరికరమే అన్నిటికన్నా బాగా పనిచేసింది. ఐతే దాన్ని టమోటా తోటకి పెట్టలేం. రాగి కేబుల్‌కి పెట్టలేం. పెనుకొండ ఫ్యాక్టరీలోనే కొన్నేళ్ళపాటు వందల ఇంజన్లు మాయమయ్యాయని 2025లో కేసు అయింది. పోలీసుల చూపు లోపలివాళ్ళ మీదకే పోయింది. అక్కడ సైరన్లకీ కెమెరాలకీ గేటు కాపలాకీ కొరత ఉందని ఎవరనగలరు?

*

మా చిన్నాయన సంగతికొస్తాను. కారు నేను తెచ్చేసుకున్నాను. బంపరు మీద తాడు రాసుకున్న గీత ఇప్పటికీ ఉంది. మరుసటేడు ఆయన బోరుకి మొబైల్ స్టార్టరు పెట్టించాడు. మా వైపు ఇప్పుడు చాలామంది పెట్టించుకుంటున్నారు. అందులో సిమ్ ఉంటుంది. ఇంట్లోంచి ఫోన్ చేస్తే మోటరు ఆన్ అవుతుంది, ఆఫ్ అవుతుంది. కరెంటు పోయినా, కేబుల్ తెగినా అదే తిరిగి ఫోన్ చేస్తుంది. రాత్రి మూడింటికి త్రీఫేజ్ ఇస్తే చీకట్లో పాముల మధ్య తోటకి పోవాల్సిన బాధ తప్పించిన వస్తువు. దాన్ని కనిపెట్టినవాళ్ళకి అవార్డులేవైనా వచ్చాయో లేదో గానీ రావాలి.

ఆ స్టార్టరులో ఒకటి కన్నా ఎక్కువ నంబర్లు పెట్టుకోవచ్చు. మొదటిది చిన్నాయనది. రెండోది నాది పెట్టాడు. బెంగళూరులో నాకు రాత్రి ఒంటిగంటకి మోటరు ఫోన్ చేస్తే నేనేం చేయను చిన్నాయనా అన్నాను. కొన్నాళ్ళకి నాకు ఫోన్లు రావడం ఆగిపోయాయి. పాడైందేమో అనుకున్నా. సంక్రాంతికి పోయినప్పుడు అడిగితే, నా నంబరు తీసేసి గట్టాయన నంబరు పెట్టానన్నాడు. ఆయన స్టార్టరులో ఈయన నంబరు ఉందట. మాటలు ఎప్పుడు కలిశాయని అడిగాను.

"మాటలేముండాయి. మోటరే మాట్లాడతాది" అన్నాడు.

ఆ రాత్రి నేనూ మంచె మీదే పడుకున్నాను. రెండు దాటాక ఫోన్ మోగింది. చిన్నాయన లేచి టార్చి వేసుకుని దిగాడు. గట్టు అవతల ఇంకో టార్చి వెలిగింది. ఇద్దరూ కేబుల్ వెంట బోరు దాకా నడిచి, చూసి, తిరిగొచ్చి గట్టు మీద కూచున్నారు. కరెంటు పోయిందంతే. బీడీ వెలిగించుకున్నారు. నేను పైనుంచి వింటున్నా. మదనపల్లెలో రేటు మళ్ళీ పడిపోయిందని మాట్లాడుకుంటున్నారు.